డబ్బాలో పెట్టిన మోత

"కోతలు కోసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. నేను చెప్పేది జరిగింది జరిగినట్టు, పిసరు కలపను, పిసరు దాచను. మధ్యలో ఎవరైనా కిసుక్కుమన్నారో, అక్కడికక్కడే ఆపేసి లేచిపోతా, తర్వాత కాళ్లావేళ్లా పడ్డా చెప్పను. పిన్నీ, ఈ టీలో చక్కెర వేశావా, లేక దూరం నుంచి చూపించి డబ్బా మూసేశావా?"

"వేశాను. అడుగునుంది, కలుపుకో," అంది టీ కొట్టు పిన్ని.

చెవుల మేస్త్రి ఇలా మొదలుపెట్టాడంటే అరగంట దాకా ఆపడని ఆవిడకి తెలుసు. బండి చప్పుడు విని రోగం చెప్తాడని ఆయనకా పేరు. ఎవరు పెట్టారని ఆయన్ని అడిగితే జనం పెట్టారంటాడు. జనాన్ని అడిగితే ఆయనే పెట్టుకున్నాడంటారు. రోడ్డుకి అవతల ఆయన రేకుల షెడ్డు, ఇవతల ఈ టీ కొట్టు. బెంచీ మీద ఎడమ చివర, గోడకి ఆనుకుని ఉన్న చోటు ఆయనది. ఇవాళ ఆ చోట్లో రిటైరైన బస్సు కండక్టరు తాత ముందే వచ్చి కూర్చున్నాడు. దాంతో మేస్త్రి ఆయనకి కుడి పక్కన సర్దుకుని, ఆ సంగతి మీద కాస్త గుర్రుగా ఉన్నాడు.

కొట్టు ముందు ఒక పికప్పు ఆగి ఉంది. వెనక మంచం, బీరువా, కుట్టు మిషను, గిన్నెల మూటలు తాళ్లతో బిగించి ఉన్నాయి. ముందు ఎడమ సీట్లో ఇద్దరు పిల్లలు ఒకే బిస్కెట్టు పొట్లం కోసం కొట్టుకుంటున్నారు. బండి నడిపే కుర్రాడు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన చేతులు కట్టుకుని వాళ్లక్క. ఆ సామానూ, ఆ పిల్లలూ ఆవిడవే. కొండ కింద ఊళ్లో ఆస్పత్రి వంటగదిలో ఆవిడకి ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున్నే చేరాలి, ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా వెళ్లి అద్దింటి తాళం తీసుకోవాలి.

డ్రైవరు అడిగింది ఒక్కటే మాట. "మేస్త్రీ, నిన్న చక్రం బేరింగు మార్చారు. మోత మాత్రం పోలేదు. పిల్లల్ని ఎక్కించుకుని పదకొండు మలుపులు దిగాలి. ఒక్కసారి చూడండి."

"కొత్త చెప్పు నాలుగు రోజులు కరవదూ? కొత్త బేరింగూ అంతే, కుదురుకోవాలి," అని మేస్త్రి కొట్టిపారేశాడు. డ్రైవరు కదల్లేదు. వాళ్లక్క అసలు కదల్లేదు. అదిగో, ఆ మొహాల్లోని అనుమానం చూసి ఆయన కథ ఎత్తుకున్నాడు.

"అనుమానం పెనుభూతం అన్నారు. నాకు తెలుసులే, ఎవడో నీ చెవి కొరికాడు. పై వీధి షెడ్డువాడేనా? వాడే అయ్యుంటాడు, వాడికి బేరింగుకీ బొంగరానికీ తేడా తెలీదు. విను. నాలుగేళ్ల కిందటి మాట. ఐసు దిమ్మలు మోసే పికప్పొకటి ఉండేది. దాని ఓనరు బక్కపలచటి మనిషి, పాపం మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకుని నడిపేవాడు. ఏడు షెడ్లు తిరిగాడు. ఒకడు టైర్లు మార్చాడు, ఒకడు గేరు బాక్సు విప్పాడు, ఒకడైతే వేరే రోడ్డు మీద నడుపుకోమన్నాడు. ఆఖరికి నా దగ్గరికొచ్చాడు. నేనేం చేశా? ఎక్కి కూర్చున్నా, నలభైలో పోనిచ్చా, స్టీరింగు కుడికి కోశా, ఊఁ... అని మోత పెరిగింది. ఎడమకి కోశా, తగ్గింది. కుడికి కోస్తే పెరిగింది కాబట్టి కుడి ముందు చక్రం. విప్పా, బేరింగు మార్చా, పంపించా. నిన్న నీ బండికి చేసిందీ సరిగ్గా అదే."

"కుడికి కోస్తే బండి ఎటు ఒరుగుతుంది మేస్త్రీ?" అని ఎడమ పక్క నుంచి కండక్టరు తాత అడిగాడు.

మేస్త్రి అటు చూడనైనా చూడలేదు. టీ ఊదుకుంటున్నాడు.

"అంతేనా? దీనికేనా మమ్మల్ని ఆపారు?" అంది డ్రైవరు అక్క.

"అంతేనా అంటుందండీ ఈవిడ! అసలు సంగతి చెప్పందే. ఆ బండి నా షెడ్డుకి రాకముందే నాకు దాని రోగం తెలుసు. పొద్దున్నే మంచం మీద పడుకుని ఉన్నా. వంతెన అవతల నుంచి, అంటే ఇక్కడికి ఎంత, మూడు కిలోమీటర్లు, సన్నగా ఊఁ అని వినపడింది. మా ఆవిణ్ణి లేపి, 'ఏమే, ఓ పికప్పొస్తోంది, ముందు చక్రం బేరింగు, లేచి టీ పెట్టు' అన్నా. 'మీ గురకే మీకు తిరిగి వినపడుతోంది, పడుకోండి' అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీ పొంగే లోపల బండి గుమ్మంలో ఉంది! ఆ రోజు నుంచి నేను లెమ్మంటే మా ఆవిడ మారు మాట్లాడకుండా లేస్తుంది."

"అవునా? మరి మొన్న పాల వ్యాను నీ వెనకే నిలబడి హారను మీద హారను కొడితే పక్కకి జరగలేదేం? ఆ డ్రైవరు దిగొచ్చి భుజం తట్టాల్సొచ్చింది," అంది పిన్ని.

"హారను కూడా ఒక చప్పుడేనా పిన్నీ? పాట వినేవాడు కాకి గోల పట్టించుకుంటాడా? నువ్వు టీ సంగతి చూసుకో. ఎక్కడున్నా? ఆఁ, బండి గుమ్మంలో ఉంది. మూరెడు స్క్రూడ్రైవరు తీసుకున్నా. మొన చక్రం నడిబొడ్డున హబ్బు మీద పెట్టి, పిడి చెవికి ఆనించా. డాక్టర్లు గొట్టం పెట్టుకుంటారు చూడు, అలాగ. చక్రం తిప్పమన్నా. లోపల పదకొండు గోళీలు. ఒక్కోటీ నాతో మాట్లాడటం మొదలెట్టింది! ఒకటోది నేను బాగున్నానంది. రెండోది గ్రీజు చాలట్లేదంది. ఎనిమిది దాకా ఇలాంటి కబుర్లే. తొమ్మిదోది మాత్రం గొల్లుమంది. 'మేస్త్రీ, ఇసక రేణువు గుచ్చుకుని మూడు నెలలైంది, నా గోడు వినేవాడే లేడు' అని ఏడుపు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయంటే నమ్ము."

"ఎడమ చక్రానికి కూడా పెట్టి విన్నారా?" అక్క అడిగింది.

"ఎందుకమ్మా? దొంగ దొరికాక పక్కింటివాణ్ణి కూడా స్టేషనుకి తీసుకెళ్తారా?"

"మా బండికి పెట్టారా?" డ్రైవరు అడిగాడు.

"నీ బండికి కుడి పక్క కూడా అక్కర్లేకపోయింది నాయనా! అంత స్పష్టంగా వినపడింది. సంచారిలా వచ్చిన మోత కాదది, కుడి పక్కే కాపురముంటున్న మోత."

డ్రైవరూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కండక్టరు తాత గొంతు కాస్త పెంచి, "మలుపులో బరువు ఎటు పడుతుందంటాను?" అన్నాడు. మేస్త్రికి ఉలుకూ లేదు పలుకూ లేదు. తాత కళ్లు చిట్లించి ఆయన్ని పరీక్షగా చూశాడు.

"ఇంకా నమ్మకం కుదరలేదా? సరే, చెప్పకూడనిది చెప్తున్నా, బయట ఎక్కడా అనకండి. బేరింగుని పట్టి లాగడానికి పుల్లరు వేశా. పుల్లరు విరిగింది. సుత్తి వేశా. సుత్తి తల ఎగిరి రోడ్డు మీద పడింది. బేరింగు ఇసుమంత కదిలితే ఒట్టు. అప్పుడు నేను వంగి, దానికొక్కదానికే వినపడేలా ఒక్క మాట చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానంతటదే జారి నా ఒళ్లో పడింది!"

"ఏం మాట చెప్పావేంటి?" అంది పిన్ని.

"అదొక్కటే అడగొద్దు." మేస్త్రి అందరి మొహాలూ ఒకసారి అనుమానంగా కలయజూశాడు. "చెప్తే రేపీపాటికి నా ఎదురుగా నాలుగు షెడ్లు లేస్తాయి. నువ్వే ఒకటి పెడతావు, నిన్ను నమ్మను. అసలు గమ్మత్తు అది కాదు. బేరింగు బయటికొచ్చింది గానీ మోత రాలేదు! పదమూడు గోళీలూ నా అరచేతిలో ఉన్నాయి, మోత మాత్రం ఇంకా చక్రంలోనే ఉండి ఊఁ ఊఁ అంటోంది."

"ఇందాక పదకొండన్నావు," అంది పిన్ని.

"భయంతో రెండు పిల్లలు పెట్టుంటాయి, కథకి అడ్డం రాకు. నేను ఊరుకుంటానా? ఖాళీ గ్రీజు డబ్బా తెచ్చి హబ్బు కింద పెట్టా. చీపురు పుల్లతో మోతని అంచెలంచెలుగా గీకి, డబ్బాలోకి తోసి, మూత బిగించి, పైన బండరాయి పెట్టా. ఇప్పటికీ నా షెడ్డులో పై అరలో ఉంది. వానాకాలం వస్తే లోపల్నుంచి మూలుగుతుంది. మొన్నటికి మొన్న ఓ పిల్లి దాని మీదెక్కి, మళ్లీ ఈ వీధిలో అడుగు పెట్టలేదు."

"ఆ పిల్లి మా ఇంట్లో ఉంది, పాలకి రోజూ వస్తుంది," అంది పిన్ని.

"అది దాని చెల్లెలు. ఇక కొత్త బేరింగు. గ్రీజు చేత్తో పెట్టా, అరచేతిలో మెత్తి, గోళీ గోళీకీ తలంటినట్టు. చక్రం బిగించి చిటికెన వేలితో ఇలా, చూస్తున్నారా, ఇలా ఒక్క తోపు తోశా. తిరిగింది. తిరుగుతూనే ఉంది. వెళ్లి అన్నం తిని వచ్చా, తిరుగుతోంది. కునుకు తీసి లేచా, తిరుగుతోంది. మా ఆవిడ ఉతికిన దుప్పట్లు తెచ్చి దాని గాలికి ఆరేసుకుంది. మూడు రోజులు, అమ్మా, మూడు రోజులు! ఆ చల్లగాలికి బండిలో ఐసు కరగడం మాట అటుంచు, నాలుగు దిమ్మలు ఎక్కించినవి ఆరయ్యాయి."

డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. అక్క నవ్వలేదు. బండిలో పిల్లలు కూర్చున్న వైపే చూస్తోంది.

"నవ్వితే లేచిపోతానన్నానా? సరే పో, చిన్నవాడివని వదిలేస్తున్నా. అయిపోలేదింకా. ఐసాయన బండి తోలుకుని బయల్దేరాడు. మూల తిరిగేటప్పటికే ఇంజను ఆపేశాడు, అవసరం లేకపోయింది. ఎత్తు రోడ్డు, పైకి, ఇంజను లేకుండా, పద్నాలుగు కిలోమీటర్లు! వెనకొచ్చే లారీలు హారను కొట్టి దారి అడగడం మానేసి, తాడు కట్టుకుని తోక పట్టుకున్నట్టు వెనకాల వచ్చేశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్రోలు ముల్లు చూస్తే పైకి లేస్తోంది! బంకు దగ్గర ఆపి రెండు లీటర్లు తీసి ఇవ్వాల్సొచ్చింది, లేకపోతే ట్యాంకు పొంగిపోయేది. ఆ బంకువాడు ఇప్పటికీ నేను కనపడితే మొహం తిప్పుకుంటాడు. చెవి కోసుకుంటా, ఇందులో ఒక్క అక్షరం అబద్ధముంటే."

"మేస్త్రీ, నే అడిగినదానికి జవాబు చెప్పలేదు," అన్నాడు తాత ఎడమ పక్క నుంచి, మూడోసారి. మేస్త్రి ఖాళీ గ్లాసు పిన్నికి అందించి మీసం తుడుచుకున్నాడు.

"మా చెవుల్లో పూలు పెట్టడం అయిందా?" అంది అక్క. "నాకు అర్థమైంది ఒక్కటే. మీరు మళ్లీ చక్రం విప్పరు. నిన్న సాయంత్రం నుంచి ఆ మోత వింటున్నా మేస్త్రీ. నాకు బండ్ల సంగతి తెలీదు. కానీ మా వాడు స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే భయమేస్తోంది. ఎప్పుడూ ఒక చేత్తో నడిపేవాడు, ఇవాళ రెండు చేతులతో పట్టుకున్నాడు."

"నిశ్చింతగా వెళ్లమ్మా. ఆ చక్రం ఊడితే నా పేరు మార్చుకుంటా."

"మీ పేరు మారితే నాకేం ఒరుగుతుంది? లోపలున్నది నా పిల్లలు." కానీ టైము నాలుగు దాటుతోంది, తాళం ఇచ్చేవాళ్లు ఆగరు. తమ్ముడి వైపు తిరిగి, "ఏం చేస్తాం, పద," అంది.

అప్పుడు కండక్టరు తాత లేచాడు. నెమ్మదిగా బెంచీ చుట్టూ నడిచి, మేస్త్రికి కుడి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మేస్త్రీ, బండిని కుడికి కోస్తే బరువు ఎటు పడుతుంది?"

మేస్త్రి తుళ్లిపడ్డాడు. "ఏంటి తాతా, కథంతా అయ్యాక అడుగుతారు?"

"ఇది నాలుగోసారి అడగటం."

పిన్ని కడుగుతున్న గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ముప్పై రెండేళ్లు బస్సులో నిలబడ్డాను," అన్నాడు తాత. "బేరింగులు నాకు తెలీవు. కానీ బస్సు కుడికి తిరిగితే జనం మొత్తం ఎడమకి వచ్చి నా మీద పడతారు. ఎడమ పక్క రాడ్డుకి కొట్టుకుని కొట్టుకుని ఈ పక్కటెముకలు ఇప్పటికీ నొప్పి. మనుషుల బరువు ఎడమకి పోతే బండి బరువు కుడికి పోతుందా? బరువు మీద పడ్డ చక్రమే కదా మూలిగేది?"

మేస్త్రి చెయ్యి కుడి చెవి మీదికి పోయింది.

డ్రైవరు ఇంక ఆగలేదు. అక్క పరుగున వెళ్లి పిల్లల్నిద్దర్నీ దించి పిన్ని పక్కన నిలబెట్టింది. వాడు షెడ్డులోంచి జాకీ తెచ్చి ఎడమ ముందు చక్రం కింద వేసి ఎత్తాడు. చేత్తో ఒక్కసారి తిప్పాడు. ఊఁ... ఊఁ... గరగర... అని రోడ్డవతలికి వినపడేలా మోత వచ్చింది.

"మేస్త్రీ, నీ డబ్బా మూత ఊడినట్టుంది," అంది పిన్ని.

నవ్వబోయినవాళ్లు కూడా నవ్వలేదు. డ్రైవరు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే, కదలకూడని చక్రం టక్ టక్ మని బొటనవేలంత ఊగింది. ఆ ఎడమ పక్క సీట్లో పిల్లలు వదిలేసిన బిస్కెట్టు పొట్లం ఇంకా అలాగే ఉంది. అక్క దాన్ని చూసి చిన్నదాన్ని దగ్గరికి లాక్కుంది.

మేస్త్రి లేచి వచ్చి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఎడమ హబ్బు మీద మొన పెట్టి, పిడి కుడి చెవికి ఆనించి, చక్రం తిప్పమన్నాడు. రెండు చుట్లు తిరగ్గానే తీసేశాడు. ఇందాకటి గోళీల కబుర్లు ఒక్కటీ చెప్పలేదు.

"ఎన్నాళ్లయింది?" తాత అడిగాడు.

"ఏది?"

"ఎడమ చెవి. టికెట్ అడిగితే వినపడనట్టు నటించేవాళ్లని వేలమందిని చూశాను. వాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తారు, మెడ బిగుసుకుంటుంది. నువ్వు హాయిగా టీ ఊదుకుంటున్నావు. నీకు నిజంగానే వినపడలేదు."

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరుని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "రెండేళ్లు," అన్నాడు. "కుడి చెవే పనిచేస్తుంది. దాంతో ప్రతి చప్పుడూ కుడి పక్క నుంచే వచ్చినట్టుంటుంది. మలుపు లెక్క నాకు తెలీక కాదు తాతా, నా చెవి చెప్పిందానికి సరిపోయేలా ఆ లెక్కని తిరగేసుకున్నా. ఎవరితో చెప్పుకోను? చెవుల మేస్త్రి అని పిలిచేచోట చెవి పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? సిగ్గేసింది."

"నాకు చెప్పాల్సింది," అంది అక్క. గట్టిగా అనలేదు. "మీ చెవి పోయిందంటే ఇంకో చెవిని తెచ్చుకునేవాళ్లం. మీ మీద అరిచేదాన్నా? అడిగితే కథ చెప్పారు. ఇంకో రెండు నిమిషాలైతే వెళ్లిపోయేవాళ్లం మేస్త్రీ."

ఆయన తల వంచుకుని, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం పిన్నికి అదే మొదలు.

అక్క అద్దింటివాళ్లకి ఫోను చేసింది. రాత్రయ్యేలోపు వస్తే తాళం ఇస్తామన్నారు. మేస్త్రి షెడ్డులోంచి కొత్త బేరింగు తెచ్చి, రోడ్డు మీదే కూర్చుని చక్రం విప్పాడు. పుల్లరు విరగలేదు, సుత్తి తల ఎగరలేదు. పాత బేరింగు గ్రీజు మాడి నల్లగా, నీలంగా కమిలి బయటికొచ్చింది. దాన్ని డ్రైవరు చేతిలో పెట్టి, పని చేసుకుపోయాడు. గంట పట్టింది. ఆ గంటలో పిన్ని రెండోసారి టీ పెట్టి, చక్కెర ఎక్కువ వేసి, ఆయన పక్కన పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

అంతా బిగించాక చక్రం పైనా కిందా పట్టి ఊపాడు. కదల్లేదు. రెండు చేతులతో తిప్పాడు. అది నాలుగు చుట్లు తిరిగి, నెమ్మదించి, ఆగింది.

"తాతా, కాస్త ఇటు రండి. దగ్గరికి రండి," అన్నాడు. "మళ్లీ తిప్పుతా. మోత వస్తోందా?"

తాత మోకాళ్లు పట్టుకుని వంగి విన్నాడు. "లేదు."

"సరిగ్గా వినండి. నేను బాధపడతానని ఊరికే లేదంటున్నారా?"

"నేను కండక్టర్ని మేస్త్రీ. కోతలు నీ శాఖ."

మేస్త్రి ఆయన మొహంలోకి అనుమానంగా చూశాడు. పిల్లలు అప్పటికే ఎడమ సీట్లోకి ఎక్కి కూర్చుంటున్నారు.

"ఉండండమ్మా, దిగండి ఒక్క నిమిషం," అని వాళ్లని ఆపి, ఆయన మళ్లీ చక్రం తిప్పాడు.